టాకీ వంతు

పోయిన నెల రెండో శనివారం, పొద్దున్న పది గంటల ఇరవై నిమిషాలకు కోల్‌కతాలో మా భవానీపూర్ ఇంటి తలుపు తీసేసరికి మనుషుల కంటే ముందు వాసన లోపలికి వచ్చింది. కొత్త ఈత బెల్లం వాసన. చలికాలంలో ఈ ఊరి మిఠాయి కొట్ల ముందు నడిచేవాళ్లని కాసేపు నిలబెట్టేసే, కొంచెం పొగ, కొంచెం పాలమీగడ కలిసిన వాసన అది. వెనకాల మా చెల్లెలు పైడి, దాని మనవరాలు రీమా ఉన్నారు. రీమా సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం చేస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. కాగితంలో చుట్టిన బెల్లం అచ్చు నా చేతిలో పెట్టి, "ఆఫీసు వాళ్లతో టాకీ వెళ్లొచ్చాం పెద్దమ్మమ్మా. అమ్మమ్మ చిన్నప్పుడు చూసిన నది లేదూ, దారుణ్!" అంది. బెంగాలీలో దారుణ్ అంటే చాలా బాగుందని అర్థం. నాకు మాత్రం ఆ నది విషయంలో తెలుగు అర్థమే సరిపోతుంది.

టాకీ అన్నది కోల్‌కతాకి తూర్పున, ఇచ్ఛామతి నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. నదికి ఇటు గట్టు మన దేశం, అటు గట్టు పరాయి దేశం. నాకిప్పుడు డెబ్బై ఒకటి. ఆ ఊరి పేరు వింటే అరవై ఒక్కేళ్లుగా నాకు కడుపులో మండుతుంది. దాన్ని అసూయ అనే అనాలి, వేరే మంచి మాట వెతికినా దొరకలేదు. తోడబుట్టినదాని మీద అసూయపడ్డానని రాసుకోవడం గౌరవం కాదని తెలుసు. కాని ముప్పై నాలుగేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, మిగిలిన శేషాన్ని చెరిపేయడం నాకు చేతకాదు.

మా నాన్నది శ్రీకాకుళం వైపు పల్లె. కోల్‌కతా పక్కన సంత్రాగాఛి రైల్వే యార్డులో బండి చక్రాలు కొట్టి చూసే పని చేసేవాడు. పొడుగు పిడి ఉన్న సుత్తి పట్టుకుని ఆగి ఉన్న బండి పక్కనే నడుస్తూ, ప్రతి పెట్టె దగ్గరా వంగి, చక్రం మీద ఒక్క దెబ్బ వేసి, తల పక్కకి వాల్చి వినేవాడు. ఆ చప్పుడుని బట్టి చక్రం మంచిదో, పగులుబారిందో చెప్పేవాడు. రోజంతా చెవిని చక్రాలకిచ్చేసి వచ్చేవాడు గనక ఇంట్లో మాట తక్కువ. ఒకరోజు లెక్కపెట్టాను. డ్యూటీ దిగి వచ్చినప్పటి నుంచి పడుకునే దాకా పదకొండు మాటలు, అందులో మూడు 'ఊఁ'లు.

మా వరుసలో క్వార్టర్లు పన్నెండు, వాటిలో తొమ్మిది తెలుగువాళ్లవి. చలికాలం పొద్దుటిపూట ఇంటింటి బొగ్గు కుంపటీ వీధిలోకి వచ్చేది. పొగ పైకి పోలేక మా మోకాళ్ల ఎత్తున తెల్లగా పరుచుకుంటే, అందులోంచి పాలవాడి సైకిలు చక్రాలు లేకుండా వస్తున్నట్టు కనిపించేది. స్టేషన్ అవతలి చెరువు మీదికి ఎక్కడెక్కడి బాతులో దిగేవి. అమ్మ చోళ్లతో అంబలి కాచి, పెనం మీద బియ్యప్పిండి రొట్టెలు కాల్చి, పక్కింటి బెంగాలీవాళ్లు గిన్నెతో పంపిన పల్చటి ఈత బెల్లంలో ముంచి ఇచ్చేది. వాళ్లు కొబ్బరి కూరిన పిఠే అనే పిండివంట పంపితే గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని మా ఇంటి పాకం గారెలు అటు వెళ్లేవి. మధ్యాహ్నం ఎండలో ఆడపిల్లలమంతా బొగ్గుముక్కతో గళ్లు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్లం. గీత మీద కాలు పడిందా లేదా అన్న తగువు ఎప్పుడొచ్చినా నన్నే పిలిచేవారు. నేను నేలకి ముక్కు ఆనించి చూసి తీర్పు చెప్పేదాన్ని.

ఆ గీతల నుంచే నాకు సరిహద్దు పిచ్చి పట్టింది. బళ్లో గోడకి బెంగాల్ పటం ఒకటి వేలాడేది. దాని కుడి పక్కన పైనుంచి కిందిదాకా ఎర్రగీత. "గీతకి ఇటు మనది, అటు వేరే దేశం" అనేవారు పంతులమ్మ. నేల మీద ఆ గీత గీసిందెవరు, సున్నంతో గీశారా, బొగ్గుతో గీశారా, వానకి చెరిగిపోతే మళ్లీ దిద్దేదెవరు, దాని మీద కాలు పడితే ఏమవుతుంది? నాకు ఇవే ఆలోచనలు. పటం ముందు బెత్తం పట్టుకుని నదుల పేర్లన్నీ అప్పజెప్పేదాన్ని. పదేళ్ల వయసులో నాకు బొమ్మలూ అక్కర్లేదు, గాజులూ అక్కర్లేదు. ఒక్కసారి ఆ గీత దగ్గర నిలబడాలి. నాన్నకి చాలాసార్లు చెప్పాను. ఊఁ అన్నాడు.

ఆ ఏడు చలికాలంలో అమ్మ బాలింత. తమ్ముడికి నెల నిండలేదు. కొళాయి నీళ్లు పట్టడానికి, ఉయ్యాల ఊపడానికి ఒక ఆడపిల్ల ఇంట్లో ఉండి తీరాలి గనక బయటికి వెళ్లే ప్రతి దానికీ పైడికీ నాకూ వంతులు. ఆ వంతులకి నేనొక పుస్తకం పెట్టాను. కిటికీ పక్క సీటు, చేప తల, గిన్నె అడుగు గోకడం, సంత, టాకీ, ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేజీ. ఈ టాకీ అంటే సినిమా. మా పెద్దవాళ్ల నోట సినిమా అన్న మాటే వచ్చేది కాదు. ఆదివారాలు సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో తెల్లగుడ్డ కట్టి బొమ్మ ఆడించేవారు. "టాకీకెల్నారా", "టాకీ బాగున్నాదా", అంతే.

పుష్యమాసంలో ఒక శనివారం, సాయంత్రం ఆరుంబావుకు నాన్న డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ అన్నాడు.

"రేపు నాకు సెలవు. టాకీకెల్తన్నాను. ఒకలు నాతోటి రండి, ఒకలు మీయమ్మ కాడుండండి."

యార్డులో తనతో పనిచేసే హల్దార్ బాబు అత్తవారి ఊరు టాకీ అనీ, కొత్త బెల్లం తినిపోదువు రమ్మని ఆయన పిలిచాడనీ నాన్న చెప్పలేదు. అది చెప్పడానికి ఇంకో పది మాటలు కావాలి.

పుస్తకం తీసి చూశాను. టాకీ పేజీలో వంతు నాదే. కాని ఆ ఆదివారం ఆడేది బెంగాలీ బొమ్మ, మొదలు నుంచి చివరి దాకా ఏడుపేనని పక్కింటివాళ్లు ముందే చెప్పి ఉన్నారు. పై ఆదివారానికి ఖరగ్‌పూర్ నుంచి తెలుగు బొమ్మ పెట్టె వస్తోంది. ఈ వంతు పైడికి వదిలేస్తే ఆ వంతు నాదవుతుంది. ఊరికే వదలడమెందుకని పద్నాలుగు రోజులు నా నీళ్ల బిందెలు కూడా మోయాలని పైడితో చెవిలో ఒప్పందం చేసుకున్నాను. అప్పుడు పెద్దరికంగా అన్నాను.

"నానెల్లను నానా. పైడిని తీసుకెల్లు."

నాన్న కాలి మీద తువ్వాలు ఆపి నావంక చూశాడు. "నిజంగానేటే? ఎప్పుడూ అడుగుతావు గదా?"

"పర్లేదు. సిన్నది. సూడనీ."

సినిమాకి తీసుకెళ్లమని కూడా ఎప్పుడూ అడిగేదాన్నే గనక ఆ మాటలో నాకు తేడా తెలియలేదు. పైడి నా నడుం చుట్టూ చేతులేసి ఎగిరింది.

మర్నాడు లేచేసరికి నాన్న చాప, పైడి చాప చుట్టి గోడకి నిలబెట్టి ఉన్నాయి. అమ్మ తమ్ముడికి నూనె రాస్తోంది.

"నాన్నేడమ్మా?"

"టాకీకెల్నారే, తెల్లారకట్ట బండికి."

"ఇంత పొద్దున్నే టాకీ ఏటమ్మా?"

"ఇప్పుడెల్తేనే సాయంత్రానికి రాగలరు. బళ్లు మారాల. సద్ది కట్టిచ్చినాను."

"టాకీ సూడ్డానికి సద్దెందుకు?"

అమ్మ నూనె చెయ్యి ఆగిపోయింది. "టాకీ సూడ్డమేటే, పిచ్చి గుంటా! టాకీ అంటే ఊరు. నదికి అవతల ఇంకో దేశం అవుపిస్తాదంట. నీకే గదా ఆ పిచ్చి, ఎందుకెల్లనన్నాదో అనుకున్నాను."

బల్ల మీది గడియారంలో ఆరు గంటల ముప్పై ఐదు నిమిషాలు. నా అసూయ వయసుని అక్కడి నుంచే లెక్కపెడతాను.

ఆ రోజంతా నేను ఉయ్యాల ఊపాను. నాలుగు వందల ఊపుల దాకా లెక్క ఉంది, ఆ తరవాత మానేశాను. తొక్కుడుబిళ్ళకి పిలిస్తే వెళ్లలేదు. గోడ అవతల పిల్లలు "తొక్కీసింది, తొక్కీసింది" అని కేకలు వేస్తుంటే, ఈపాటికి పైడి అక్కడికి చేరి ఉంటుంది, గీత ముందు నిలబడి ఉంటుంది, దానికి సరిగ్గా చూడడం కూడా రాదు, ఆ చూపు నాదై ఉండాల్సింది అనుకుంటూ కుమిలిపోయాను. నాన్న వేలు పట్టుకున్న చెయ్యి నాదై ఉండాల్సింది. సద్దిమూటలో రెండో ముద్ద నాదై ఉండాల్సింది. సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ మైదానం నుంచి బెంగాలీ బొమ్మ ఏడుపు మా ఇంటిదాకా వినిపించింది. పక్కింటివాళ్లు చెప్పింది నిజమే, మొదటి నుంచి ఏడుపే.

ఏడు గంటల ఐదు నిమిషాలకి నాన్న వచ్చాడు. భుజం మీద పైడి నిద్రపోతోంది. దాని పాదాలకి బూడిదరంగు బురద ఎండి ఉంది. కడగడానికి అమ్మ లేపబోతే నాన్న వద్దన్నాడు. ఎవరూ చూడకుండా ఆ బురదని గోటితో గీకి చూశాను. మామూలు బురదే.

మర్నాడు అది కళ్లు తెరవగానే పట్టుకున్నాను.

"గీతెక్కడున్నాదే?"

"గీతేటి?"

"హద్దు. రెండు దేశాల నడుమ."

"నీల్లలో గీతేటప్పా, సెరిగిపోదా?" మా వైపు అక్కని అప్ప అంటారు.

"పడవలెన్ని?"

"ఆరు."

"అవతల గట్టు మీదేటి సూసినావు?"

"ఒకావిడ బట్టలుతుకుతన్నాది."

"ఇంకేటి?"

"బెల్లం తిన్నాను."

పరాయి దేశానికి ఎదురుగా నిలబడి బెల్లం తిన్నదట! చెంప మీద ఒకటి వేయాలనిపించింది. ఆరు పడవలని మాత్రం రాసుకున్నాను. తెలుగు బొమ్మ పెట్టె పై ఆదివారం రానే లేదు, ఖరగ్‌పూర్‌లో ఉండిపోయిందన్నారు. పైడి మాత్రం పద్నాలుగు రోజులూ ఒక్క పూట తప్పకుండా నా బిందెలు మోసింది, పాటలు పాడుతూ.

నేను పొరబడ్డానని ఎవరికీ చెప్పలేదు. బెత్తం పట్టుకుని పటం చదివే పిల్ల ఊరి పేరు విని సినిమా అనుకుందని తెలిస్తే ఆ వరుసలో తల ఎత్తుకోలేను. అమ్మకి అర్థమయ్యే ఉంటుంది గాని తమ్ముడి ఏడుపుల్లో మరిచిపోయింది. నేను నోరు మూసుకున్నందువల్ల ఇంట్లో వేరే కథ పెరిగింది. చెల్లెలి కోసం పెద్దది తన కోరిక చంపుకుందని. నాన్న కూడా అదే నమ్మాడు. మళ్లీ తీసుకెళతానని ఒకసారి అన్నాడు, మళ్లీ ఆ సెలవు రాలేదు. పైడి ఆ కథని తన పెళ్లిలో చెప్పింది, తన కూతురి పెళ్లిలో చెప్పింది. "మా అప్పకి హద్దంటే పేనం. అయినా నాకిచ్చీసింది" అని అది అంటుంటే చుట్టాలంతా నావంక ప్రేమగా చూసేవారు. నేను తల వంచుకునేదాన్ని, వాళ్లు దాన్ని వినయం అనుకునేవారు. కథతో పాటు పైడి పడవలు కూడా పెరిగాయి. పెళ్లినాటికి పదకొండు, కూతురు పుట్టేనాటికి ఇరవై, రీమాకి చెప్పే రోజుకి ఒక మొసలి చేరింది. ఇవన్నీ నా డైరీల్లో ఉన్నాయి. ఒక్కసారి వెళ్లి చూసి వస్తే దాని కోతలు తేలిపోతాయి. ఎంతో దూరం కాదు, ఒక పూట ప్రయాణం. అయినా దాని తరవాత రెండోదానిగా ఆ గట్టు మీద నిలబడడం ఇష్టం లేక అరవై ఒక్కేళ్లు వెళ్లలేదు.

ఈసారి రీమా వదల్లేదు. బెల్లం తెచ్చిన శనివారానికి ఎనిమిదో రోజు, ఆదివారం, ముగ్గురం సియాల్దా స్టేషన్‌లో హస్నాబాద్ లోకల్ రైలు ఎక్కాం. ఇంచుమించు రెండు గంటల్లో టాకీ రోడ్ స్టేషన్. అక్కడ టోటో అనే బ్యాటరీ రిక్షా మాట్లాడుకుంటే అదే ఊరంతా తిప్పుతుంది. కప్పు కూలిన జమీందారీ మేడలు చూశాం. వాటి కిటికీల్లోంచి చెట్లు బయటికి చూస్తున్నాయి. విజయదశమినాడు దుర్గమ్మ ప్రతిమని జంట పడవల మీద నడి నీటికి తీసుకెళ్లి, పడవలని విడదీసి నదిలోకి దింపే రేవు చూశాం. ఆ రోజు రెండు గట్లూ జనంతో నిండిపోతాయని టోటో నడిపే అతను చెప్పాడు. 

తరవాత నది. వెడల్పుగా, బూడిద రంగులో, తొందర లేకుండా పోతోంది. పడవలు తొమ్మిది. మన పడవకి మన జెండా, వాళ్ల పడవకి వాళ్ల జెండా. నడి నీటి దాకా వచ్చి ఎవరి పడవ వాళ్లు వెనక్కి తిప్పుకుంటున్నారు. గీత ఎక్కడా లేదు. అవతల గట్టు మీద ఎవరో సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. చూసేశాను, ఇక మంట చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. మా పక్కనే ఒకాయన తన కూతురిని భుజాలకెత్తుకుని అటు చూపిస్తుంటే, ఎవరో తెలియని ఆ పిల్ల మీద కూడా అసూయపడ్డాను.

ఊరికి కాస్త దూరంలో గోల్‌పాతా అడవి ఉంది. కొబ్బరి మట్టల్లాంటి ఆకులు బురదలోంచి నేరుగా లేచే మొక్క పేరు గోల్‌పాతా. అక్కడికి వెళ్లాలంటే సరిహద్దు జవానుల చౌకీలో గుర్తింపు కార్డు ఇచ్చి వెళ్లాలి. నా సంచిలో ఆధార్, ఓటరు కార్డు, పింఛను పుస్తకం, మూడూ ఉన్నాయి. పైడి సంచిలో తమలపాకులు ఉన్నాయి.

"కార్డేదే?"

"ఇంటికాడ మర్సిపోనాను. నువ్వెల్లి సూసిరా అప్పా. నాను, రీమా ఇక్కడ కూకుంటాం."

వెళ్లాను. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పైడి చూడనిది నేను చూస్తున్నానన్న సంతోషంతో, కాలిబాట పొడుగునా, ఇరవై ఐదు నిమిషాలు ఆకు ఆకునీ చూసుకుంటూ నడిచాను. తిరిగి వచ్చేసరికి పైడి బెంచీ మీద కాళ్లు ముడుచుకుని, వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ, రీమాకి చెబుతోంది. "అప్పటికి దానికి పదేళ్లే. తనకెంత ఆశో! అయినా నాకిచ్చీసింది."

ఆ మాట ఇంక భరించలేకపోయాను.

"ఆయేల నాను నీకేటీ ఇవ్వలేదే పైడీ. టాకీ అంటే ఇన్‌స్టిట్యూట్ బొమ్మ అనుకున్నాను. ఊరని తెలిస్తే నిన్ను గుమ్మం దాటనిచ్చీదాన్ని కాదు."

పైడి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఓలప్పా! సినిమా అనుకున్నావేటి?"

"అవును."

"ఏడుపు సినిమా అని నన్ను తోలీసినావేటి?"

"అవును."

రీమా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "టాకీ అంటే సినిమానా? కేనో, ఎందుకని?" అంది. పైడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "అరవయ్యేళ్లు ఊరందరి ముందరా పొగిడినాను గదే నిన్ను! ఆ పొగడ్తలన్నీ ఎనక్కిచ్చీ. నా పద్నాలుగు దినాల నీల్లూ ఎనక్కిచ్చీ" అంది.

"ముందు నువ్వు సెప్పు. పడవలు నిజంగా ఎన్ని?"

"నాకేటి తెలుసు? నువ్వడిగినావని సెప్పినాను. ఎన్నని సెప్తే నీ మొకం ఎలుగుతాదో సూసుకుని సెప్పీదాన్ని. నాను పడవలు సూడనేదప్పా, నాన్ననే సూస్తన్నాను."

"నాన్ననెందుకే?"

"మాటాడతన్నాడు గదా. సియాల్దాలో బండెక్కిన కాడ్నుంచి దిగిన దాకా, మల్లీ వొచ్చినప్పుడూ. నోరు మూయనేదు."

"మన నాన్నా?"

"మన నాన్నే."

"మరి ఇన్నాళ్లూ సెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగినావు? పడవలెన్ని, గీతెక్కడ, నది ఎంత ఎడల్పు. ఇయ్యేగదా అడిగినావు."

"ఏటి మాటాడినాడు?"

పైడి నది వైపు తిరిగింది. ఇది దాని మామూలు కోత కాదు. నిజంగానే వెతుక్కుంటోంది. "బండి కింద సక్రం సప్పుడు ఇనమన్నాడు. మంచి సక్రం గంటనాగ పలుకుతాదంట. బీటదీసింది కుండనాగ పలుకుతాదంట. ఇంకేటీ గుర్తు నేదప్పా. ఏడేళ్లదాన్ని. నిద్దరొచ్చీసింది."

ఆయన కూతురిగా పుట్టి, ఆయన పెన్షను కాగితాలతో సహా అన్నీ నేనే రాసి, చక్రం ఎలా పలుకుతుందో ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. ఇన్నేళ్లూ నది చూసినందుకు పైడి మీద కుళ్లుకున్నాను. కుళ్లుకోవాల్సింది రైలు గురించి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, పోయినవి రాసుకున్నాను. సంత్రాగాఛిలో మా వరుస పన్నెండు క్వార్టర్లు, పన్నెండూ కూలగొట్టారు. ఇన్‌స్టిట్యూట్ మైదానం ఒకటి, అక్కడిప్పుడు కార్లు నిలుపుతున్నారు. సుత్తితో చక్రం కొట్టి వినేవాళ్లు ఎక్కడైనా ఉన్నారేమో, నాకు ఒక్కరూ కనబడలేదు. వంతుల పుస్తకం ఒకటి, చెదలు తినేసింది. అమ్మ, నాన్న, తమ్ముడు, మొత్తం ముగ్గురు. నేను చేశానన్న త్యాగం ఒకటి, అది ఈ ఆదివారమే పోయింది. నాన్న మాటలు: పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, తక్కువలో తక్కువ నాలుగు గంటలు. అందులో మిగిలినవి మూడు మాటలు. అవి కూడా పైడివే.